ఖరీదైన టోపీ కొనేముందు నేను తిప్పి చూసినవి, అడిగినవి

నల్లగొండలో నాకు ఫొటో స్టూడియో ఉంది. స్టూడియో అన్నమాటే గానీ సగం పని ఆరుబయటే, సాగర్ దగ్గరో, రాచకొండ గుట్టల్లోనో, కాదంటే ఎవరిదో బత్తాయి తోటలోనో. నెత్తిమీద జుట్టు ఎప్పుడో పలచబడింది. పోయిన ఎండాకాలం నడినెత్తిన తోలు పొరలు పొరలుగా లేస్తుంటే చర్మం డాక్టర్‌కి చూపించుకున్నాను. ఆయన నా క్రికెట్ క్యాప్ చేతిలోకి తీసుకుని, ఇది ముక్కుకి తప్ప దేనికీ నీడ ఇవ్వదు, చెవులూ మెడా కప్పేలా చుట్టూ అంచు ఉన్నది పెట్టుకో, ఆ అంచు మూడంగుళాలకు తగ్గకుండా చూసుకో అన్నారు. చెప్పడం తేలికే. మూడంగుళాల అంచు పెట్టుకుని కెమెరా కంటికి ఆనిస్తే అంచు వెళ్లి కెమెరాకి కొడుతుంది, టోపీ వెనక్కి జారి మెడమీద పడుతుంది. ఫొటోగ్రాఫర్లంతా క్యాప్ వెనక్కి తిప్పి పెట్టుకునేది స్టైల్ కోసం అనుకుంటారు జనం. అసలు సంగతి ఇదీ.

రోడ్డుపక్క దొరికే బట్ట టోపీలు వాడి చూశాను, చెమటకు తడిసి అంచు కళ్లమీదికి వాలిపోతుంది. అదే రోజుల్లో దేవరకొండ వైపు అబ్బాయి ఒకతను, ఇటలీలో ఉద్యోగం, సాగర్ దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్‌కి బోర్సాలినో అనే ఇటలీ కంపెనీ టోపీ పెట్టుకొచ్చాడు. భోజనాల దగ్గర అడిగి చేతిలోకి తీసుకున్నాను. చూడటానికి బరువుగా కనిపిస్తుంది గానీ చేతిలో ఏమీ లేనట్టే ఉంది. ముందు అంచు పైకి ఎత్తితే ఎత్తినట్టే నిలబడింది, కిందికి వంచితే వంచినట్టే ఆగింది, మధ్యలో ఊగడం లేదు. నాకు కావలసింది ఇదే కదా అనిపించింది. ధర అడిగితే నవ్వి, వద్దులే అన్నా, నీకు నిద్ర పట్టదు అన్నాడు.

ఇక రాత్రిళ్లు ఆల్బమ్ డిజైన్ చేస్తూ పక్క స్క్రీన్ మీద టోపీల గురించి చదవడం మొదలైంది. మొదట అందరిలాగే కంపెనీల వయసు చూసి నోరు తెరిచాను. లండన్ సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లోని లాక్ అండ్ కంపెనీ 1676 నుంచి ఉంది, అంటే ఇక్కడ గోల్కొండలో తానీషా ఏలుతున్న రోజులు. బోర్సాలినో ఇటలీలో అలెసాండ్రియా అనే ఊళ్లో 1857లో మొదలైంది. స్టెట్సన్ 1865లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో. పేర్లు చూస్తే ఇంకేం చూడక్కర్లేదు అనిపిస్తుంది. కాస్త లోతుకి వెళ్తేనే అసలు కథ. బోర్సాలినో 2017 చివర్లో దివాలా తీసింది, తర్వాతి ఏడాది కొత్త పెట్టుబడిదారు చేతికి వెళ్లి నిలదొక్కుకుంది. స్టెట్సన్ ఫిలడెల్ఫియా ఫ్యాక్టరీ 1971లోనే మూతబడింది, ఇప్పుడు ఆ పేరుతో టోపీలు టెక్సాస్‌లో గార్లాండ్ అనే చోట వేరే కంపెనీ చేస్తోంది. ఐరోపాలో అదే పేరుమీద అమ్మేవి లైసెన్స్ తీసుకున్న ఇంకో కంపెనీవి. బూట్లు, సెంట్లు కూడా స్టెట్సన్ పేరుతో ఉన్నాయి. అవన్నీ చెడ్డవని కాదు. ఒకే పేరు కింద నాలుగు రకాల చేతులు పనిచేస్తున్నప్పుడు "స్టెట్సన్ మంచిదేనా" అనే ప్రశ్నకి జవాబే ఉండదు. ఫలానా మోడల్ ఏ దేశంలో, దేనితో చేశారు అని అడగాలి.

రివ్యూల విషయానికొస్తే, డబ్బా విప్పిన రోజు రాసినవి చదవడం మానేశాను. కొత్త టోపీ అందరికీ బాగుంటుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం తర్వాత మళ్లీ వచ్చి రాసినవాళ్ల మాటలు వెతుక్కున్నాను, అవి తక్కువగానే ఉంటాయి గానీ వాటిలో విషయం ఉంటుంది. లోపలి పట్టీ జిగురు ఊడిపోయింది, అంచు అలలు తిరిగింది, తల కోలగా ఉంటే నుదుటి దగ్గర నొక్కుతోంది, ఇలా ఒకే ఫిర్యాదు వేర్వేరు దేశాలవాళ్లు రాస్తే దాన్ని నమ్మాను. ధర ఎక్కువ అని ఏడ్చినవి, డెలివరీ లేటు అని తిట్టినవి వదిలేశాను. పాత టోపీల పిచ్చివాళ్లు కొందరున్నారు, వాళ్లంతా ఇప్పటివాటికంటే అరవై డెబ్భై ఏళ్ల కిందటి ఫెల్టే, అంటే బొచ్చునో ఉన్నినో ఒత్తి చేసే బట్టే, చిక్కగా ఉండేదని అంటారు. నిజం ఎంతో గానీ, తమ పాత సరుకుతో తామే పోటీపడాల్సి రావడం ఆ కంపెనీలకు ఇబ్బందే.

మాది పుట్టపాక, నేతపని చేసే ఇల్లు. మగ్గం నాకు అబ్బలేదు, అమ్మ మాత్రం ఇప్పటికీ చిటికి కడుతుంది, అంటే ఇక్కత్ చీరల పోగులకి రంగు అంటకుండా ముడులు వేస్తుంది. స్టూడియోలో షూట్లకి వాడే ఫెల్ట్ టోపీ ఒకటుంది, బేగంబజార్‌లో కొన్నది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి అమ్మ చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పింది, లోపల గోటితో గీకింది. "గిదేంది బిడ్డా, దీనికి పడుగూ లేదు పేకా లేదు, ఎట్ల నిలబడ్డది?" అంది. నేను చదివింది చెప్పాను. వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులుంటాయి, వేడి, తడి, ఒత్తిడి తగిలితే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఊడిరాకుండా బిగుసుకుంటాయి, అదే ఫెల్ట్. ఖరీదైనవాటిలో కుందేలు బొచ్చు, ఇంకా పైరకం అయితే బీవర్ అనే జంతువు బొచ్చు. చవకవాటిలో గొర్రె ఉన్ని. బొచ్చు ఫెల్ట్ పలచగా ఉండి కూడా గట్టిగా ఉంటుంది, ఉన్నిది మందంగా ఉంటుంది, వాన పడితే ముడుచుకుని ఆకారం పోతుంది. మా స్టూడియో టోపీ ఒకసారి రాచకొండలో వానకి తడిసింది, అప్పటినుంచి దాని అంచు ఏ వైపు చూడాలో దానికే తెలియదు. ఇంకో మాట, ఒకప్పుడు కుందేలు బొచ్చు బాగా అంటుకోవాలని పాదరసం కలిపిన మందు పూసేవాళ్లు, ఆ ఆవిరి పీల్చి పనివాళ్లకు చేతులు వణికేవి, మతి తప్పేది. అమెరికాలో 1941లో గానీ దాన్ని ఆపించలేదు. అమ్మ అది విని టోపీ పక్కన పెట్టేసి చేతులు కడుక్కుంది, ఇది ఉన్నిదమ్మా అని చెప్పినా వినకుండా.

ఏదెలా ఉన్నా 45 డిగ్రీల ఎండలో నెత్తిన బొచ్చు టోపీ పెట్టుకుంటే డాక్టర్ చెప్పిన జబ్బు పోయి కొత్త జబ్బు వస్తుంది. కాబట్టి నారతో అల్లినదే కావాలి. అందులో పేరున్నది పనామా టోపీ. అది తయారయ్యేది ఎక్వడార్ దేశంలో. టొకియా అనే మొక్క లేత ఆకుల్ని చీల్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి ఆ నారతో చేత్తో అల్లుతారు. మాంటెక్రిస్టి, క్వెంకా అనే చోట్లు దీనికి ప్రసిద్ధి. ఈ అల్లికకి 2012లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. మాంటెక్రిస్టిలో బాగా సన్న రకం ఒక్కటి అల్లడానికి నెలలు పడుతుంది. ఎండ ముదిరితే నార పెళుసెక్కుతుందని తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే అల్లుతారని చదివి అమ్మకి చెప్తే, ఆమెకేమీ వింత అనిపించలేదు. "మరి మనం గుంట మగ్గం ఎందుకు పెట్టుకున్నం, భూమి తడికి పోగు తెగదనే కదా" అంది.

ఈ సంగతులు తెలిసాక హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూమ్‌కి వెళ్లాను. పేరు ఎందుకులెండి. ట్యాగ్ మీద ప్యూర్ పనామా అని బంగారు అక్షరాలు, లోపల శాటిన్ లైనింగ్, ధర చూస్తే నిజంగానే లగ్జరీ. ఇంటికి తెచ్చి అమ్మ ముందు పెట్టాను. చీరలకి పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తీసి అంచు మీద పెట్టి చాలాసేపు చూసింది. "ఇది ఆకు కాదురా, పేనింది" అంది. నాకు అర్థం కాలేదు. నన్ను చూడమంది. ప్రతి పోగూ ఒకే లావు, ప్రతి పోగుమీదా సన్నగా మెలి. ఆకు చీల్చిన నార అయితే ఒకటి సన్నగా ఒకటి లావుగా ఉంటుంది, రంగులోనూ కాస్త తేడా ఉంటుంది, దానికి మెలి ఉండదు. లోపల లైనింగ్ పక్కకి తీస్తే చిన్న కొస ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని ఎంగిలి వేలితో తడిపి వెనక్కి మెలి తిప్పింది అమ్మ. విచ్చుకుని, చదునుగా, సన్నటి కాగితం పేలిక అయి కూర్చుంది.

తర్వాత తెలిసిందేమిటంటే కాగితాన్ని మెలిపెట్టి అల్లే టోపీలు లోకమంతా ఉన్నాయి. షాంటుంగ్ అంటారు. టెక్సాస్‌లో గడ్డి టోపీలని అమ్మేవాటిలో పేరున్న కంపెనీలవి కూడా చాలావరకు ఇవే, మంచివాళ్లు చేస్తే పైన పూత వేసి గట్టిగానే చేస్తారు, ఏళ్లు వస్తాయి. షాంటుంగ్ అని రాసి షాంటుంగ్ ధరకి అమ్మితే నాకేం పేచీ లేదు. ప్రింటు చీరని ఇక్కత్ అని అమ్మేవాడిమీద మా ఊళ్లో ఎంత కోపం వస్తుందో నాకు ఆ ట్యాగ్ మీద అంత కోపం వచ్చింది. వెనక్కి తీసుకెళ్తే డబ్బు ఇవ్వం, బదులు ఇంకేదైనా తీసుకోండి అన్నారు. బెల్టు తీసుకుని వచ్చాను. మా బామ్మర్ది ఇప్పటికీ ఆ బెల్టుని "నీ టోపీ" అంటాడు.

ఇంకో చిక్కు గ్రేడుల దగ్గర. అమెరికా టోపీల లోపల ఎక్స్ గుర్తులుంటాయి, 4ఎక్స్, 10ఎక్స్, 100ఎక్స్ అని. ఒకప్పుడు బీవర్ బొచ్చు పాలుని బట్టి ఇచ్చేవారట. ఇప్పుడు కంపెనీలన్నిటికీ కలిపి ఒక కొలత అంటూ లేదు, ఎవరి లెక్క వాళ్లది. ఒక కంపెనీ 10ఎక్స్ ఇంకో కంపెనీ 6ఎక్స్ కంటే మేలని చెప్పలేం. అదే కంపెనీలో కూడా ఫెల్ట్ ఎక్స్ వేరు, గడ్డి టోపీ మీద వేసే ఎక్స్ వేరు, రెండూ పోల్చకూడదు. పనామా వాటికి ఫినో, సూపర్‌ఫినో అని రాస్తారు, అక్కడా ఇంతే. అంగుళానికి ఎన్ని వరసలు ఉన్నాయో లెక్కపెట్టి చెప్పే దుకాణాన్ని మాత్రం కాస్త నమ్మొచ్చు, ఎందుకంటే మనమూ లెక్కపెట్టుకోవచ్చు కదా.

మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. టోపీల ఊరు కాబట్టి ఆమెని పురమాయించాను. వీడియో కాల్ పెట్టుకుని పెద్ద షాపొకటి తిరిగాం. ఆమె టోపీ ముఖం చూపిస్తుంది, నేను తిరగెయ్యమంటాను. "తమ్మీ, టోపీ కొంటున్నవా, పోస్ట్‌మార్టం చేస్తున్నవా, అతను నన్నే చూస్తున్నడు" అని ఒకటే గోల. కానీ సంగతంతా లోపలే ఉంటుంది. నుదుటికి తగిలే పట్టీ తోలుదా, రెగ్జినా? కుట్టారా, అతికించారా? చవకవాటిలో ఒకే సైజు చేసి రబ్బరు పట్టీ పెడతారు, ఆ రబ్బరు ఒక ఎండాకాలంలో వదులైపోతుంది. పట్టీ వెనక్కి మడిచి కుట్టు చూపించమన్నాను, కుట్లు దగ్గరదగ్గరగా, ఒకే వరసలో ఉంటే పనివాడు తొందరపడలేదని అర్థం. శాటిన్ లైనింగ్ ఉన్న నార టోపీ అయితే నాకు ముందే అనుమానం, మంచి అల్లికని ఎవరూ గుడ్డ వేసి దాచరు, పైగా గాలి ఆడదు.

అన్నిటికంటే పనికొచ్చింది గోడ పరీక్ష. ఇది నేను కనిపెట్టుకున్నదే, మాకు లైటింగ్‌తోనే కదా బతుకు. టోపీని ఎండలో తెల్ల గోడ ముందు పట్టుకుంటే నీడ పడుతుంది, ఆ నీడలో సూది పొడిచినట్టు వెలుతురు చుక్కలు ఎన్ని ఉన్నాయో చూడాలి. గాలి కోసమని పైభాగంలో కావాలనే కన్నాలు వదిలిన డిజైన్లు చూడముచ్చటగా ఉంటాయి, కానీ నా నెత్తికి ఆ చుక్కలన్నీ ఎండే. అక్క షాపు బయటికొచ్చి పార్కింగ్‌లో గోడ వెతుక్కుని టోపీ పట్టుకుంటే, షాపు కుర్రాడు బిల్లు కట్టకుండా వెళ్లిపోతోందేమోనని వెనకే పరుగెత్తుకొచ్చాడు.

ఆ పెద్ద షాపులో పేరున్న కంపెనీ టోపీ దాదాపు ఖాయం చేసుకున్నాం. చివర్లో అక్కతో మూడు ప్రశ్నలు అడిగించాను: ఇది ఎక్కడ అల్లారు, ఎక్కడ అచ్చుమీద పెట్టి ఆకారం తెచ్చారు, పట్టీ పాడైతే మీరే మారుస్తారా. కుర్రాడికి ఒక్కటీ తెలియదు, ట్యాగ్ చూసి కంపెనీ పేరే మళ్లీ చెప్పాడు. అక్కడినుంచి అక్క ఇంకో చిన్న దుకాణానికి వెళ్లింది, ముందు అమ్మకం, వెనక పని. లోపల ఆవిరి యంత్రం, చెక్క అచ్చులు వరసగా. పెద్దాయన ఒకరు దాపరికం లేకుండా చెప్పారు. మేం అల్లం, అల్లిన టోపీ బాడీ క్వెంకా నుంచి వస్తుంది, ఇక్కడ ఆవిరిపట్టి అచ్చుకి ఎక్కించి, అంచు సరిచేసి, పట్టీ కుడతాం, పట్టీ పోతే ఎప్పుడైనా తీసుకురండి అని. ఆ మాటతో నాకు ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇటలీ కంపెనీ అయినా, ఇంగ్లండు కంపెనీ అయినా అసలైన పనామా అమ్ముతున్నారంటే అల్లిక మాత్రం ఎక్వడార్‌లోనే. తర్వాత ఎవరి అచ్చు, ఎవరి రిబ్బన్, ఎవరి ముద్ర అన్నదాన్ని బట్టి ధర మారిపోతుంది. అచ్చు పని కూడా తేలికేమీ కాదు, ఆకారం నిలబడేది అక్కడే, దానికి ఇచ్చే డబ్బు నాకు బాధ లేదు. ముద్రకి ఇచ్చేదే బాధ.

మంచి బాడీని గుర్తుపట్టే గుర్తులు ఆయన అక్కకి చూపించారు. నడినెత్తిన చిన్న పువ్వులా అల్లిక మొదలై చుట్టూ వలయాలుగా దిగుతుంది, వెలుతురుకి పట్టుకుంటే ఆ వలయాలు కనిపిస్తాయి. ఒక వలయానికి ఇంకో వలయానికి మధ్య దూరం సమంగా ఉండాలి. అంచు చివర కత్తిరించి మడిచి కుడితే ఒక రకం, నారని వెనక్కి తిప్పి అల్లికలోనే కలిపేస్తే ఇంకో రకం, రెండోది ఎక్కువ పని, ఎక్కువ ధర. నాది మడిచి కుట్టినదే. ఫొటోలో ఆ తేడా నాకు తప్ప ఎవరికీ కనపడదు.

సైజు గురించి ఒక్కమాట. చెవులకి కాస్త పైనుంచి, నుదుటి మధ్య మీదుగా టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలుచుకోవాలి. నాది 58. అమెరికా లెక్కలో అది ఏడుంబావు, ఇంగ్లండు కంపెనీ అయితే అంతకంటే ఎనిమిదో వంతు తక్కువ అంకె వేస్తుంది. ఇది చూసుకోకుండా ఆర్డర్ పెట్టి కంపెనీని తిట్టిన రివ్యూలు బోలెడున్నాయి.

ధర పేరున్నదానిలో సగం కంటే కాస్త ఎక్కువ పడింది. మిర్యాలగూడ వాళ్లెవరో వస్తుంటే అక్క వాళ్లతో పంపింది. డబ్బాలో పెడితే నలుగుతుందని పాపం ఆయన విమానమంతా నెత్తిన పెట్టుకునే వచ్చాడట. అమ్మ మళ్లీ భూతద్దం తీసింది. ఈసారి పోగులు లావూ సన్నమూ ఉన్నాయి, ఒకచోట నార అతుకు కూడా దొరికింది, దానిమీద వేలు పెట్టి చూపించింది. "మంచిగ అల్లిండ్రు" అంది. కాసేపాగి, "దీంట్ల అల్లినోళ్లకు ఎంత ముడుతదంట?" అని అడిగింది. దుకాణం ధరలో చాలా తక్కువే వాళ్లకి చేరుతుందని చదివాను, అదే చెప్పాను. చీరల సంగతి కొత్తగా చెప్పేదేముంది అన్నట్టు చూసి లోపలికి వెళ్లిపోయింది.

వాడకంలో చూస్తే ముందు అంచు పైకి మడిస్తే ఆగుతుంది, బోర్సాలినో అంత బిగువుగా కాదు, ఒక్కోసారి మెల్లగా కిందికి దిగి వ్యూఫైండర్‌కి అడ్డం వస్తుంది. నెత్తి పొట్టు లేవడం తగ్గింది. జాగ్రత్తలు మాత్రం చాలానే ఉన్నాయి. పైన ముక్కులా నొక్కి ఉన్నచోట వేళ్లతో పట్టుకుని తీయకూడదు, నార అక్కడే పగులుతుంది, అంచు పట్టుకుని తీయాలి. పనామా టోపీ చుట్టి జేబులో పెట్టుకోవచ్చని వీడియోల్లో చూపిస్తారు గానీ మన పొడి ఎండలో ఆ సాహసం వద్దు. కారు అద్దం కింద వదిలితే ఎండి పెళుసెక్కిపోతుంది. నా అసిస్టెంట్‌కి ఇవన్నీ నేర్పించాను, అయినా పెళ్లికొడుకు తమ్ముళ్లెవరో ఫొటోకని లాక్కుపోయినప్పుడల్లా టెన్షనే.

చెమట ఉప్పుకి లోపలి తోలు పట్టీ నుదుటి దగ్గర గట్టిపడి చీలింది. డల్లాస్ పెద్దాయన మారుస్తానన్నారు గానీ పట్టీ కోసం మళ్లీ ఎవర్ని నెత్తిన పెట్టుకుని వెళ్లమంటాం? గడియారం సెంటర్ దగ్గర చెప్పులు, బ్యాగులు కుట్టేతని దగ్గరికి తీసుకెళ్లాను. తిరగేసి కుట్టు చూశాడు, పాత కన్నాల్లోంచే దారం దించితే నారకి ఏమీ కాదన్నాడు, పలచటి మేకతోలు సరిపోతుందన్నాడు. మిషన్ మీద వద్దు, చేత్తోనే కుట్టమన్నాను. చేత్తో అయితే డబ్బు ఎక్కువవుతుంది, శనివారం రా అన్నాడు.